పొటాషియం తగ్గిందా? ఏం తినాలో కాదు, ఎటు పోతోందో ముందు చూడండి

కోనసీమ అంటే రావులపాలెంలో అరటి గెలలు, అంబాజీపేటలో కొబ్బరికాయలు. ఇలాంటి చోట కూడా రక్తపరీక్షలో పొటాషియం 2.8 వచ్చేవాళ్లు ఉంటారు. తిండి చాలక ఇంతగా పడిపోవడం అరుదు. లోపలికి తక్కువ వస్తోందని తెలిస్తే మూత్రపిండాలు ఉన్నదాన్ని పట్టి ఉంచుతాయి. అయినా నంబరు పడిపోయిందంటే ఏదో దారిన పోతోందన్నమాట, లేదా రక్తంలోంచి కణాల్లోకి దూరిందన్నమాట.

రక్తంలో ఉండాల్సింది లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీ ఈక్వివలెంట్లు (mEq, ఇలాంటి లవణాలను లెక్కించే కొలత). 3.0 వరకు తగ్గినా చాలామందికి ఏమీ తెలియదు. 2.5 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేరాల్సిందే. ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల్లోనే ఉంటుంది కాబట్టి, రక్తంలో కొంచెం లోటు కనిపించినా ఒంట్లో లోటు పెద్దదే కావచ్చు.

కాళ్లూ చేతులూ లేవకపోయినా, ఊపిరి కష్టమైనా, కళ్లు తిరిగి పడిపోయినా, గుండె లయ తప్పినట్టున్నా ఇది చదువుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదట తీయాల్సింది ఈసీజీ.

వాంతులు, విరేచనాల తర్వాత పీట మీంచి లేవలేకపోవడం

వరదలప్పుడు లంక గ్రామాల్లో, వానాకాలం అంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. విరేచనంతో పొటాషియం నేరుగా పోతుంది. వాంతులైతే దారి వేరు: ఒంట్లో ఆమ్లం తగ్గి, మూత్రపిండాలే పొటాషియాన్ని బయటికి తోసేస్తాయి. నీరసం ముందు తొడల్లో తెలుస్తుంది. గొంతుక్కూర్చుని, చేత్తో ఆసరా పట్టకుండా లేవగలరో లేదో చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, నీరసంగా ఉందని ఊళ్లోనే గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం. గ్లూకోజ్ ఎక్కగానే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ రక్తంలోని కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి నెడుతుంది. సీసా అయ్యాక మనిషి ఇంకా వాలిపోతే కారణం ఇదే కావచ్చు.

తాగగలిగితే ఓఆర్‌ఎస్ చాలు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా, ఒక లీటరుకు అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకుని, మొత్తాన్నీ ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేస్తే లెక్క తప్పుతుంది. ఆ లీటరులో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. పెద్దవాళ్లు విరేచనం అయిన ప్రతిసారీ 200 నుంచి 400 మి.లీ. తాగాలి. కొబ్బరి బొండాం మంచిదే, కానీ అందులో పొటాషియం ఉన్నంతగా ఉప్పు ఉండదు. ఓఆర్‌ఎస్‌కి తోడుగా తాగండి, బదులుగా కాదు.

దాళ్వా కోతల ఎండల్లో పిక్కలు పట్టేయడం

దీన్ని పొటాషియం ఖాతాలో వేయకండి. చెమటలో ఎక్కువగా పోయేది ఉప్పు, నీరు. ఉప్పేసిన మజ్జిగ, నీడ, విశ్రాంతి.

బీపీ మాత్రలు వాడుతుంటే: మలబద్ధకం, పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ మూత్రం, రాత్రిళ్లు పిక్కలు పట్టడం

మాత్రల అట్ట తిప్పి చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్, వీటిలో ఏది ఉన్నా అది నీరు తీసే మందే. నీటితో పాటు పొటాషియమూ పోతుంది. పేరు చివర ‘హెచ్’ ఉన్న బీపీ మాత్రలు చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. అట్టని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, సొంతంగా ఆపకండి. మోతాదు తగ్గించడమో, పొటాషియాన్ని నిలిపి ఉంచే స్పైరనోలాక్టోన్ లాంటి మందు చేర్చడమో వాళ్లు చూసుకుంటారు. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకి కొద్ది తగ్గుదల కూడా ప్రమాదమే.

నీరు తీసే మందు వాడకుండానే బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ ఉంటే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని అనుమానించాలి. ఆల్డోస్టిరోన్, రెనిన్ (ఒంట్లో ఉప్పును, బీపీని నడిపే హార్మోన్లు) పరీక్షలు అడగండి. దగ్గుకని రోజూ అతిమధురం నమిలే అలవాటు ఉంటే అది కూడా చెప్పండి, సరిగ్గా ఇలాగే చేస్తుంది. ఉబ్బసానికి పదేపదే పెట్టే సాల్బుటమాల్ కూడా పొటాషియం తగ్గిస్తుంది, అయితే అది కణాల్లోకి నెట్టడమే.

రాత్రి పెళ్లి భోజనం, తెల్లారేసరికి కాళ్లు కదలకపోవడం

20 నుంచి 40 ఏళ్ల మగవాళ్లలో ఇది కనిపిస్తే చాలాసార్లు పక్షవాతం అనుకుని కంగారు పడతారు. తెలివి బాగానే ఉంటుంది, మాట బాగానే ఉంటుంది, రెండు కాళ్లూ మాత్రం మొద్దుల్లా ఉంటాయి. బాగా తిండి, మిఠాయి తిన్నాక పెరిగిన ఇన్సులిన్ పొటాషియాన్ని కండరాల్లోకి నెట్టేసింది. వెనక ఉండే కారణాల్లో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ముఖ్యమైనది. టీఎస్‌హెచ్, టీ3, టీ4 చేయించండి. చెయ్యి వణకడం, బరువు తగ్గడం, గుండెదడ ముందునుంచీ ఉన్నాయేమో గుర్తుచేసుకోండి.

ఇక్కడ పొటాషియం ఒంట్లోంచి పోలేదు, చోటు మారిందంతే. ఎక్కువ ఎక్కిస్తే, కండరాల్లోది కూడా తిరిగి వచ్చేసరికి రక్తంలో మోతాదు మించిపోయి గుండెకు ముప్పు. అందుకే తక్కువ మోతాదులో, పరీక్షలు చేస్తూ ఇస్తారు. అసలు వైద్యం థైరాయిడ్‌కే.

పొటాషియం సిరప్ తాగుతున్నా నంబరు పెరగకపోవడం

మెగ్నీషియం పరీక్ష చేయించారా? అది తక్కువుంటే మూత్రపిండాలు పొటాషియాన్ని ఆపలేవు, ఎంత పోసినా చిల్లు కుండే. ఏళ్ల తరబడి రోజూ పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్లు, మద్యం తాగేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు ముందు ఈ పరీక్ష చేయించాలి. అదీ బాగుంటే మూత్రంలో పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపే వ్యర్థం) నిష్పత్తి చూస్తారు. గ్రాము క్రియాటినిన్‌కి 13 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే ఎక్కువ పోతుంటే లీకు మూత్రపిండాల్లోనే ఉన్నట్టు.

సిరప్, సెలైన్ సంగతి

మామూలు పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మి.లీ.లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. సీసా మీద లెక్క చూసుకుని, డాక్టరు చెప్పిన మోతాదే గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం తర్వాత మెల్లగా తాగాలి. ఉత్తదే తాగితే పొట్టలో మంట, వాంతి. నరంలోకైతే మామూలు సెలైన్‌లో కలిపి, గంటకు సుమారు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకుండా ఇస్తారు. సిరంజితో నేరుగా పొడిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే ఇది ఇంటి దగ్గర చేయించుకునే పని కాదు. అన్నట్టు, కొబ్బరి చెట్లకు వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే, అయినా ఎరువు మనుషులకి మందు కాదు.

తిండి

పెద్దవాళ్లకి రోజుకు సుమారు 3,500 మి.గ్రా. కావాలి. తెల్లన్నం 100 గ్రాముల్లో దొరికేది 35 మి.గ్రా. అంతే. ఒక మాదిరి అరటిపండులో 400కి కాస్త పైన. పప్పు, కంద, చేమ, చిలగడదుంప, బచ్చలి బాగా పనికొస్తాయి. మన కందాబచ్చలి కూర ఈ లెక్కన అరటిపండు కంటే తక్కువేమీ కాదు. దుంపల్ని ఉడికించి నీళ్లు పారబోస్తే పొటాషియంలో చాలాభాగం ఆ నీళ్లతోనే పోతుంది.

రక్తంలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకి, అంటే మూత్రపిండాలు సరిగ్గా పనిచేయనివాళ్లకి మాత్రం ఇదంతా తిరగబడుతుంది. వాళ్లు దుంపనీళ్లు పారబోయాలి, బొండాలు మానాలి, సోడియం తక్కువని అమ్మే ఉప్పు ముట్టకూడదు, అందులో ఉండేది పొటాషియమే. పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు కూడా డాక్టరును అడగకుండా సిరప్ మొదలుపెట్టకూడదు.