విక్టోరియా కాలం సరుకులు, బేగంబజార్ కొట్లో

మా అమ్మాయి స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు, దాని వంతుకి విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి ఇంగ్లండు ఇల్లు వచ్చింది. అట్టముక్కలతో ఇల్లు కట్టేసి చేతులు దులుపుకుందామంటే అది ఒప్పుకోలేదు, లోపల సరుకులు నిజంగా ఉండాలని పట్టుబట్టింది. అలా రెండు వారాలు బేగంబజార్, మోండా మార్కెట్ చుట్టూ తిరిగి తెలుసుకున్నవి ఇవి. మీకూ ప్రాజెక్టో నాటకమో ఉంటే పనికొస్తాయి. ఆ రోజుల్లో కొట్లో డబ్బులిచ్చి వచ్చాక సగం పని ఇంట్లో మొదలయ్యేది, కిస్‌మిస్‌లో గింజలు ఒక్కొక్కటీ తీయాలి, ఉప్పు గడ్డ దంచాలి, కాబట్టి ఒక్క ఆదివారంలో అయిపోతుందని మాత్రం అనుకోకండి.

చక్కెరతో మొదలుపెట్టండి. అప్పట్లో అది శంకు ఆకారంలో దిమ్మగా వచ్చేది. పాకాన్ని అచ్చుల్లో పోసి, కొన దగ్గరున్న చిల్లులోంచి మడ్డి కారిపోనిచ్చి, గట్టిపడ్డాక నీలం కాగితంలో చుట్టేవాళ్లు. నీలం పక్కన తెలుపు ఇంకాస్త తెల్లగా కనబడుతుంది కదా, అదీ కిటుకు. కలిగినవాళ్లు దిమ్మంతా కొనేవాళ్లు, మిగతావాళ్లు కొట్టువాడు విరిచిచ్చిన ముక్క తెచ్చుకునేవాళ్లు. ఇంట్లో దాన్ని కత్తిరించడానికి ఇనప పనిముట్టు ఒకటి ఉండేది, ఫొటో చూపిస్తే మా అత్తయ్య "ఇది అడకత్తెరే కదే" అంది. నిజమే, అచ్చం అదే.

మనకి ఆ దిమ్మలు దొరకవు కాబట్టి దారం మీద కట్టిన పెద్ద పటికబెల్లం గడ్డలు అరకిలో తీసుకోండి. అడకత్తెరలో గడ్డ అంచు మాత్రమే పెట్టి నొక్కాలి, మధ్యలో పెడితే జారి ఎగురుతుంది (మా ఫ్రిజ్ కింద ఇంకా ఒక ముక్క ఉంది). టీలోకి ముక్కలు పక్కన పెట్టుకుని మిగతాది రోట్లో దంచి జల్లించండి. 1870ల్లో హెన్రీ టేట్ అనే చక్కెర వ్యాపారి ముక్కల చక్కెర అమ్మడం మొదలుపెట్టాక గానీ వాళ్లకి ఈ చాకిరీ తగ్గలేదు.

కొట్లో "మిశ్రీ" అని అడగండి. మా ఆయన బద్ధకించి "పటిక" అన్నాడు, కొట్టాయన నిక్షేపంలాంటి ఫిట్కరీ అరకిలో కట్టిచ్చాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి, నాలిక మీద పెట్టుకుంటే తెలిసింది! అదృష్టం ఏంటంటే అదీ పనికొచ్చింది. లండన్‌లో బ్రెడ్ చేసేవాళ్లు రొట్టె తెల్లగా కనబడాలని పిండిలో పటిక కలిపేవాళ్లు, కాబట్టి దాన్ని సీసాలో పోసి రొట్టె పక్కన పెట్టేశాం. ఇంట్లో మాత్రం పేరు రాయకుండా తెల్లపొడి ఏదీ ఉంచకండి. 1858లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఊళ్లో చక్కెర ఖర్చు తగ్గించుకోవడానికి మిఠాయిలో తెల్లపొడి ఒకటి కలపబోయారు, మందుల కొట్లో పొరపాటున ఆర్సెనిక్ తూచి ఇచ్చారు, అది తిని సుమారు 20 మంది చనిపోయారు.

అందుకే అప్పటి గృహిణికి కొనడం కన్నా అనుమానించడం ముఖ్యం. ఆర్థర్ హాసల్ అనే డాక్టరు 1850ల మొదట్లో సరుకుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, కల్తీ చేసిన కొట్లవాళ్ల పేర్లూ అడ్రసులూ లాన్సెట్ పత్రికలో వేయించాడు. తర్వాతే 1860లో మొదటి చట్టం వచ్చింది, కాస్త గట్టి చట్టం 1875లో. పిల్లలకి బాగా నచ్చే పరీక్షలు రెండున్నాయి. గ్లాసు చల్లనీళ్ల మీద కాఫీ పొడి చల్లండి, కాఫీ చాలాసేపు తేలుతుంది, చికోరీ రంగు వదులుతూ దిగిపోతుంది. మనం ఫిల్టర్‌కి వాడే చికోరీ కలిపిన పొడితో చేస్తే స్పష్టంగా కనబడుతుంది. రెండోది, తడి టిష్యూ మీద టీ ఆకు పరిచి చూడడం, రంగు వేసిన ఆకైతే మరక దిగుతుంది. వాడేసిన టీ ఆకుని ఎండబెట్టి మళ్లీ రంగేసి అమ్మిన కాలం అది.

కాఫీ పచ్చి గింజలు తెచ్చి ఇంట్లోనే వేయించుకుంటే ఆ అనుమానం ఉండదు. కాఫీ పొడి ఆడించే కొట్లో వేయించనివి పావుకిలో అడగండి. ఇనప మూకుడులో మధ్యస్థం మంట మీద, చెయ్యి ఆపకుండా, పన్నెండు పదిహేను నిమిషాలు. ముందు గడ్డి వాసన, తర్వాత రొట్టె కాలిన వాసన, ఆపైన చిటపట. చిటపట తగ్గగానే చాటలో పోసి చెరగండి, పొట్టు ఎగిరిపోతుంది, గింజలూ చల్లారతాయి. కిటికీలు తీసి పెట్టండి, మాకు పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు కొట్టారు.

తాగిన టీ పిప్పి పారేయకండి, కడిగి పిండి తివాచీ మీద చల్లి ఊడిస్తే దుమ్ము పట్టుకుంటుంది, వాళ్లు చేసింది అదే. లేతరంగు తివాచీ మీద మాత్రం వద్దు. కత్తులకి ఇటుక పొడి, ఇది మన అమ్మమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక బట్టలు. సబ్బు పెద్ద కడ్డీలుగా కొని, తీగతో ముక్కలు కోసి, గాలి తగిలేలా పేర్చి వారాల తరబడి ఆరబెట్టేవాళ్లు, ఎండిన సబ్బు నెమ్మదిగా అరుగుతుంది. 1853 దాకా అక్కడ సబ్బు మీద పన్ను కూడా ఉండేది మరి. ముందురోజు రాత్రి బట్టల సోడా వేసిన నీళ్లలో నానబెట్టి, పొద్దున ఉడికించి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. నీలిమందు చిన్న గుడ్డలో మూటగట్టి బకెట్లో పిండండి. దోసిట్లోకి తీసుకుంటే నీళ్లు లేత ఆకాశం రంగులో ఉండాలి, అంతే. పొడి అడుక్కి దిగుతుంది కాబట్టి ప్రతి బట్టకీ ముందు కలపాలి. తర్వాత పల్చటి గంజి. వేడిగా ఉన్నప్పుడే అందులో కొవ్వొత్తిని రెండు తిప్పులు తిప్పేవాళ్లు, ఇస్త్రీ చేశాక మెరుపు వస్తుందని. నేనూ తిప్పాను, మెరిసింది.

మా కాలనీ ఇస్త్రీ బండి ఆయన బొగ్గుల పెట్టె అడిగితే ఇచ్చాడు గానీ, మా రుమాళ్లు ఎండకేసి చూసి "నీలం ఎక్కువైందమ్మా" అన్నాడు. నాలుగుసార్లు జాడిస్తే వదిలింది, గంజి మళ్లీ మొదట్నుంచి.