పెళ్ళి శుభలేఖ ఇంట్లోనే: పెడన అచ్చు, బంగారు ఎంబాసింగ్

శుభలేఖలు ఇంట్లో చేసుకుందాం అనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. కార్డంతా చేత్తోనే చేయాలని పట్టుబట్టకండి. పెద్దల పేర్లు, ముహూర్తం, వేదిక లాంటి లోపలి మాటలన్నీ ప్రెస్సులోనో ఇంటి ప్రింటర్ మీదో వేయించుకుని, పైన ఒక్క బొమ్మ మాత్రం మీ చేత్తో అద్ది, బంగారు రంగులో ఉబ్బెత్తుగా తేల్చండి. తడి ఇంకుతో అద్దిన బొమ్మ మీద ఎంబాసింగ్ పౌడర్ అనే సన్నటి పొడి చల్లి, వేడి చూపితే అది కరిగి గీత ఉబ్బుతుంది, ఎంబాసింగ్ అంటే ఇదే. ఆ ఒక్క బొమ్మ చుట్టూ ఖాళీ వదిలేయండి. మధ్యలో కలశం, నాలుగు మూలలా లతలు, కింద ఏనుగులు అంటూ అన్నీ పెడితే కన్ను ఎక్కడా నిలవదు. వంద, నూటయాభై కార్డుల దాకా ఇద్దరు ముగ్గురు కూర్చుంటే అయిపోయే పని ఇది. ఐదొందలు కావాలంటే దగ్గరివాళ్ళకు ఇవి ఇచ్చి, మిగతావాళ్ళకు మామూలు కార్డులు కొట్టించడం నయం.

బొమ్మ కోసం నేను ముందుగా చెప్పేది పెడన అచ్చు. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద చేత్తో చెక్కిన అచ్చులు వాడతారు. బట్ట కోసం చేసినవే అయినా కాగితం మీద కూడా చక్కగా పడతాయి. మామిడి పిందె, చిలక, తామర ఏదైనా సరే, సన్నటి గీతలతో ఉన్న అచ్చునే ఎంచుకోండి. లోపల రంగు నింపడానికి వాడే నిండు అచ్చు తీసుకుంటే పౌడర్ ముద్దగా కరిగి, బొమ్మ బదులు మచ్చలా కనిపిస్తుంది. కార్డుకు రెండంగుళాల అచ్చు సరిపోతుంది. కొత్త అచ్చులను నూనెలో నానబెట్టి ఉంచుతారు కాబట్టి ముందు పాత న్యూస్‌పేపర్ మీద గట్టిగా నాలుగైదు సార్లు అద్దండి, నూనె మరక పడడం ఆగాకే మంచి కాగితం జోలికి వెళ్ళండి.

అచ్చు దొరకకపోతే నటరాజ్, అప్సర లాంటి పెద్ద రబ్బరు మీద సన్న కట్టర్‌తో చిన్న పువ్వు చెక్కుకోవచ్చు. బటర్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసి, గీసిన వైపును రబ్బరుకు ఆనించి రుద్దితే బొమ్మ దానంతట అదే తిరగబడి దిగుతుంది. చెక్కి అద్దినప్పుడు మళ్ళీ సరిగ్గా వస్తుంది. పేర్లో, ‘శుభమస్తు’ అనే మాటో ఉబ్బెత్తుగా కావాలంటే రబ్బరు స్టాంపుల షాపులో చేయిస్తారు గానీ, తెలుగు అక్షరాలతో ఒక జాగ్రత్త అవసరం. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, పౌడర్ కరిగాక ప్రతి గీతా కాస్త లావవుతుంది. ‘శుభతిథి’లో ‘థ’ పొట్టలోని చుక్క అంచుకు అంటుకుపోతుంది, ‘స్తు’ కింద ఒత్తు పై అక్షరంతో కలిసిపోతుంది. అందుకని అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకుండా, గీత సన్నగా, ఒత్తులకు ఎడం ఉండే ఫాంట్ ఇవ్వండి. పౌడర్ కూడా బాగా సన్నటి రకం, సూపర్‌ఫైన్ అని అడిగి తీసుకోండి.

కాగితం కంటే ముందు కవర్లు కొనండి. కార్డులన్నీ చేశాక కవర్లో పట్టలేదంటే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. దానికి 114 × 162 కవర్ సరిపోతుంది. హైదరాబాద్ వాళ్ళయితే ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డుల దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడ అడిగి చూడండి. కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మధ్య ఉండాలి, పై ముఖం నున్నగా ఉండాలి. చేతితో చేసిన గరుకు కాగితం అందంగా ఉంటుంది, కాకపోతే ఇంకు పీల్చేస్తుంది, సన్న గీతలు అలుక్కుపోతాయి. అది కావాలనుకుంటే పెద్ద గీతల అచ్చు వాడండి. మడిచే ముందు కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఏ వైపు సులువుగా వంగితే ఆ వైపే మడత పెట్టాలి, లేకపోతే మడత మీద పగుళ్ళు వస్తాయి. అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గట్టిగా ఒక గీత లాగి అప్పుడు మడిస్తే అంచు నీట్‌గా వస్తుంది. ఈ గీతలన్నీ ఎంబాసింగ్‌కు ముందే లాగేసుకోండి.

ఇక అసలు పని. ఆఫీసుల్లో వాడే స్టాంప్ ప్యాడ్ ఇంకు దీనికి పనికిరాదు, అది వెంటనే కాగితంలోకి ఇంకిపోతుంది, పౌడర్ అంటుకోవడానికి తడి మిగలదు. ఎంబాసింగ్ ఇంకు గానీ, మెల్లగా ఆరే పిగ్మెంట్ ఇంకు గానీ కావాలి. దొరకని ఊళ్ళో ఉంటే మెడికల్ షాపులో గ్లిజరిన్ తెచ్చి, కొద్దిగా నీళ్ళు కలిపి, కొత్త పొడి ప్యాడ్‌కు పట్టించి వాడుకోవచ్చు. మరీ తడిగా పట్టించకండి, కాగితం వెనక్కి దిగుతుంది.

పనికి కూర్చునే ముందు ఫ్యాన్ ఆపేయండి, కిటికీ తెరిచి ఉంచండి. పౌడర్ చాలా తేలిక, ఫ్యాన్ తిరుగుతుంటే ఇల్లంతా బంగారం అవుతుంది. ముందుగా కార్డు మీద చిన్న గుడ్డ మూటలో కట్టిన టాల్కమ్ పౌడర్‌ను మెత్తగా తట్టి, మృదువైన బ్రష్‌తో దులిపేయండి. చలికాలం పొడి గాలికి కాగితం మీద కరెంటు నిలిచి, అక్కర్లేని చోట కూడా రేణువులు పట్టుకుంటాయి. ఈ టాల్కమ్ పూత దాన్ని ఆపుతుంది. మీ చేతి జిడ్డు ఉన్నచోట కూడా పౌడర్ అంటుకుంటుంది కాబట్టి, చేతులు కడుక్కుని, కార్డును అంచుల దగ్గరే పట్టుకోండి.

చెక్క అచ్చుకు కింద మెత్త ఉండాలి. పెడనలో కూడా అద్దే బల్ల మీద గోనె, గుడ్డ పొరలు పరిచే పని చేస్తారు. మీరు పాత దుప్పటి మడత వేసుకుంటే చాలు. అచ్చును ప్యాడ్ మీద రుద్దకుండా, అచ్చును తిరగేసి పట్టుకుని దాని ముఖం మీదే ప్యాడ్‌తో తట్టండి, ఇంకు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో వెలుతురులో వాలుగా చూస్తే మెరుపును బట్టి తెలిసిపోతుంది. కార్డు మీద నిలువుగా దించి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ఊగకుండా నేరుగా పైకి తీయండి. రబ్బరు స్టాంపుకు మాత్రం కింద ఇంత మెత్త అక్కర్లేదు, గట్టి బల్ల మీద రెండు కాగితాలు చాలు.

వెంటనే పౌడర్ ధారాళంగా పోయండి. పిసినారితనం అక్కర్లేదు, మిగిలిందంతా డబ్బాలోకే వెళ్తుంది. కింద ఒక కాగితాన్ని మధ్యకు మడిచి పెట్టుకుంటే, కార్డు వంచి వెనక వేలితో ఒకసారి టక్కున కొట్టగానే అదనపు పౌడర్ ఆ మడతలోకి జారుతుంది, అక్కడి నుంచి డబ్బాలోకి వంపేయొచ్చు. గీతల మధ్య మొండిగా మిగిలిన రేణువులను పొడిగా ఉన్న సన్న బ్రష్‌తో తీసేయండి, వేడి తగిలాక అవి ఇక పోవు. ఇరవై కార్డులు అద్దేసి తర్వాత పౌడర్ చల్లుదాం అనుకోకండి, ఎండాకాలంలో అయితే మరీ త్వరగా ఆరిపోతుంది. రెండు మూడు చొప్పున చేయండి. ఒకరు అద్దుతూ, ఒకరు పౌడర్ చూస్తూ, ఒకరు వేడి చేస్తూ ఉంటే పని హాయిగా సాగుతుంది.

వేడికి హెయిర్ డ్రయర్ వద్దు. దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ, పౌడర్ కరిగేలోపే ఎగిరిపోతుంది. క్రాఫ్ట్ హీట్ గన్ (బాగా వేడి గాలి మెల్లగా వదిలే చిన్న పరికరం) కొనడమే మేలు. పెయింట్ తీసే పెద్ద హీట్ గన్ ఇంట్లో ఉంటే తక్కువ సెట్టింగ్‌లో, కాస్త దూరంగా పట్టుకుని వాడండి, ఎక్కువలో పెడితే కాగితం క్షణాల్లో కమిలిపోతుంది. గన్‌ను గాల్లోనే కొద్దిసేపు వేడెక్కనిచ్చి, కార్డుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఒక అంచు నుంచి మొదలుపెట్టండి. అప్పటిదాకా సన్న ఇసుకలా గరుగ్గా, మబ్బుగా ఉన్న పౌడర్ ఒక్కసారిగా తడి మెరుపు తేలుతుంది. చూస్తుండగానే ఆ మెరుపు గీత వెంట పాకుతుంది. మెరిసిన చోట ఆగకండి, వెంటనే పక్కకు జరగండి. ఎక్కువసేపు నిలిపితే ఉబ్బు పోయి, పౌడర్ కాగితంలోకి ఇంకి నూనె మరకలా చదునైపోతుంది, దాన్ని మళ్ళీ లేపలేం. కాగితం వంకర పోతుంటే వెనక వైపు నుంచి వేడి చూపండి. చల్లారాక ముట్టుకోండి. ప్లాస్టిక్ టేబుల్ క్లాత్ మీద ఈ పని చేయకండి, చిన్నపిల్లల చేతికి గన్ ఇవ్వకండి.

రంగు అసలు లేకుండా, తెల్ల కాగితం మీదే ఉబ్బెత్తు బొమ్మ కావాలంటే పౌడర్, వేడి ఏవీ అక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద బొమ్మ కత్తిరించి, గాజు పలక కింద ఫోన్ లైట్ పెట్టి, ఫిల్మ్ మీద కార్డును బోర్లించి, లోపలి అంచుల వెంట అయిపోయిన బాల్‌పెన్నుతో మెల్లగా నొక్కుతూ పోతే చాలు. పెన్ను జారడానికి కాగితం మీద కొవ్వొత్తి కొద్దిగా రుద్దండి. మెలికల ముగ్గు వేయాలని అందరికీ ఉంటుంది గానీ, గీత చుట్టూ తిరిగి కలిసేసరికి మధ్య ముక్క ఊడి పడిపోతుంది. తామర, మామిడి పిందె లాంటివి ఎంచుకోండి. దీనికి 200 జీఎస్ఎం కాగితం చాలు, మరీ మందమైతే లేవదు.

లోపలి మాటలు విడి కాగితం మీద వేయిస్తే, దాన్ని కార్డులో ఫెవికాల్‌తో అతికించకండి, తడికి ముడతలు పడుతుంది. మడత పక్కన మాత్రం సన్నగా డబుల్ సైడ్ టేప్ వేయండి. అచ్చుకు ఇచ్చే ముందు ముహూర్తం ఇంట్లో ఇద్దరితో చదివించండి. అర్ధరాత్రి దాటాక ముహూర్తమైతే ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం’ అని తేదీతో సహా స్పష్టంగా రాయకపోతే బంధువులు సగం మంది ఒక రోజు తేడాతో వస్తారు.

పసుపు చిట్టచివర, వేడి పనంతా అయ్యాక. నీళ్ళు చాలా తక్కువ పోసి గట్టిగా కలిపి, వేలి కొసతో నాలుగు మూలలా పెట్టి నీడలో ఆరనివ్వండి, పసుపు ఎండకు వెలిసిపోతుంది. బంగారు బొమ్మ మీద పడితే కంగారు అక్కర్లేదు, ఆరకముందే పొడి గుడ్డతో తుడిస్తే వస్తుంది. కార్డుల మధ్య బటర్ పేపర్ వేసి పేర్చండి. అచ్చును నీళ్ళలో నానబెట్టకండి, పాత టూత్‌బ్రష్‌ను తడిపి గీతల సందులు శుభ్రం చేసి, గుడ్డతో అద్ది, నీడలో బోర్లించకుండా పక్కకు నిలబెట్టి ఆరబెట్టండి.