రింగుల జుట్టు ఏ టైముకి చెదురుతుందో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది

మా ఇంట్లో అమ్మకి, నాకు, చెల్లికి, తమ్ముడికి నలుగురికీ రింగుల జుట్టే. మా జేజి మాత్రం "ఈ ఎంటికలకు బాగా సమురు పెట్టి బిగించి జడేస్తే సరి" అనేది, చిన్నప్పుడంతా అట్లనే జరిగింది. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నాది బిరుసు జుట్టు అనుకున్నా కానీ రింగుల జుట్టు అన్న సంగతే తెలీదు. ఇప్పుడు నేను ఉండేది అనంతపురంలో, పని గుత్తిలో, పొద్దున ఏడుకి ఇల్లు వదిలితే మళ్ళీ రాత్రి ఏడున్నరకే. పన్నెండు గంటల పైన బస్సు, ఎండ, దుమ్ము, గాలి. ఇంత సేపు రింగులు రింగుల్లాగే ఉండాలంటే ఏం చేయాలో తెలుసుకోడానికి నాకు చాలా రోజులే పట్టింది.

వీడియోలు చూసి చేసినవి సగం పని చేయలేదు. ఎందుకంటే అవి చెప్పేవాళ్ళలో చాలామంది గాల్లో తేమ ఉండే ఊర్లవాళ్ళు. మనకి అనంతపురంలో ఏడాది మొత్తం కలిపి వాన 550 మిల్లీమీటర్ల దగ్గర, ఏప్రిల్ మే నెలల్లో కర్నూలు కడపల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు, బోరు నీళ్ళు చూస్తే సవుడు. కాబట్టి వాళ్ళ కష్టాలు వేరు, మన కష్టాలు వేరు. నాకు పనికొచ్చిన పద్ధతి ఏమంటే జుట్టు ఏ టైముకి పాడవుతుందో ఒక వారం గమనించడం. ఆరుతుండగానే పొంగుతుందా, బండి దిగాక పొంగుతుందా, మధ్యాహ్నానికా, పొద్దున లేచేసరికా? టైముని బట్టి కారణం మారుతుంది, కారణాన్ని బట్టి మందు మారుతుంది.

ఏం పూసినా పట్టదు, కడిగిన రోజు కూడా పూత పూసినట్టు బిరుసుగా ఉంటుంది

ఇదైతే నూటికి తొంభై సార్లు నీళ్ళే అని నా నమ్మకం, అందుకే అన్నిటికంటే ముందు రాస్తున్నా. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్టు అంచున తెల్ల చార, హీటర్ కాయిల్ మీద సున్నంలా పేరుకునేది చూస్తారు కదా, అదే కొద్దికొద్దిగా వెంట్రుక మీద కూడా కూర్చుంటుంది. దాంతో వెంట్రుక గరుకెక్కుతుంది, కండిషనర్ పైపైన జారిపోతుంది, ఒక రింగు పక్క రింగుతో కలవకుండా దేనికది పీచులా లేస్తుంది. అనంతపురం మున్సిపల్ కుళాయికి పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయర్) నీళ్ళు, కర్నూలుకి తుంగభద్ర నీళ్ళు వస్తాయి, అవి బోరు కంటే ఎంతో నయం. కానీ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల రెండూ ఒకే సంపులో కలిపేస్తారు, మనకి వచ్చేది ఏ నీళ్ళో మనకే తెలీదు.

తెలుసుకోడానికి సులువైన దారి ఉంది. ఒక ఖాళీ బాటిల్లో సగం మీ బాత్రూం నీళ్ళు, ఇంకో బాటిల్లో సగం ఆర్వో నీళ్ళు పోసి రెండిట్లో ఒంటి సబ్బు కొంచెం గీరి వేసి గట్టిగా ఊపండి. ఆర్వో బాటిల్ నిండా నురగ వచ్చి, బాత్రూం నీళ్ళు పాలనీళ్ళలా తెల్లబడి నురగ లేకుండా ఉంటే అవి కఠిన జలం. అంకె కావాలంటే ల్యాబులో టెస్ట్ చేయించొచ్చు, తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణంలో మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

ఇప్పుడు పరిష్కారం. మొదట ఇప్పటికే పేరుకున్నదాన్ని తీసేయాలి. షాంపూ వెనక పదార్థాల లిస్టులో డైసోడియం ఈడీటీఏ కానీ టెట్రాసోడియం ఈడీటీఏ కానీ ఉండి, పైన కీలేటింగ్ (అంటే పేరుకున్న లవణాల్ని పట్టి లాగేసేది) అనో హార్డ్ వాటర్ కోసం అనో రాసి ఉన్నది తీసుకోండి. మామూలు షాంపూల్లో కూడా ఈడీటీఏ చిటికెడు ఉంటుంది, అది షాంపూ చెడిపోకుండా వేసేది, ఈ పనికి చాలదు. మూడు నాలుగు వారాలకి ఒకసారి చాలు, ఎక్కువ వాడితే జుట్టు ఎండిపోతుంది, వాడిన రోజు కండిషనర్ తప్పకుండా బాగా పట్టించాలి.

ఆ తర్వాత మళ్ళీ పేరుకోకుండా చూసుకోవాలి. నేను తలకు పోసుకునేది బోరు నీళ్ళతోనే, కానీ ఆఖరి రెండు చెంబులు మాత్రం క్యాన్ నీళ్ళు. రెండు లీటర్లు చాలు, తలొంచి మెల్లగా పోసుకుంటే జుట్టంతా తడుస్తుంది. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి పది తలస్నానాలకి వస్తుంది. మా చెల్లి కడపలో ఉంటుంది, తనకి నేను చెప్పిన వాటన్నిట్లో ఇదొక్కటే చేసింది, నెలకే తేడా కనిపించింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆర్వో మిషన్ నుంచి పక్కకి పోయే వేస్టు నీళ్ళు బకెట్లో పట్టి తలకి వాడేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, లవణాలన్నీ చేరేది ఆ నీళ్ళలోనే, బోరు కంటే అధ్వాన్నం. ఇంకోటి, కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు క్లోరిన్ని, మట్టిని కొంత ఆపుతాయేమో కానీ కాఠిన్యాన్ని ఆపలేవు, దానికి ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ కావాలి, అది అద్దె ఇంట్లో అయ్యే పని కాదు. నీళ్ళు కాచితే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. నిమ్మకాయ పిండుకోమని చెప్తారు, నేను చేశా, తలలో మంట పుట్టి రెండు రోజులు చర్మం ఎర్రగా ఉంది, ఇంక చేయలేదు.

నీళ్ళు సరిచేశా, అయినా ఆరేటప్పుడే పొంగిపోతుంది

ఇది చేతి పొరపాటు. తడి తగలగానే వెంట్రుక లోపల ఉండే కొన్ని బంధాలు వదులవుతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ బిగుసుకుంటాయి. అంటే రోజంతా మీ జుట్టు ఎట్లా ఉండాలో తేలిపోయేది ఆ ఆరే గంటలోనే. ఆ టైములో టవల్‌తో రుద్దినా, దువ్వినా, ఊరికే చేయి పెట్టి కదిపినా ఆ చెదురే గట్టిపడిపోతుంది.

చిక్కు తీయడం కండిషనర్ తల మీద ఉండగానే, పెద్ద పళ్ళ దువ్వెనతో, చివర్ల నుంచి పైకి. తర్వాత దువ్వెన అవతల పెట్టేయండి, మళ్ళీ తలస్నానం దాకా దాంతో పని లేదు. తర్వాత రింగులు చెదరకుండా పట్టి ఉంచడానికి జెల్, అది పూసేది నీళ్ళు కారుతుండగానే, బాత్రూంలోనే. పిడికిట్లో పట్టి కిందనుంచి పైకి నొక్కితే పచ్ పచ్ అని శబ్దం రావాలి, రాకపోతే నీళ్ళు చాలనట్టు. మన ఎండాకాలంలో ఇంకో తిప్పలు, వెనక భాగం పూసేలోపే ముందు భాగం ఆరిపోతుంది, అందుకే స్ప్రే బాటిల్లో క్యాన్ నీళ్ళు పక్కనే పెట్టుకోండి. నీళ్ళు పిండడానికి మెత్తటి పాత కాటన్ పంచె ముక్కో పాత టీషర్టో చాలు, రుద్దకుండా ఒత్తాలి.

జెల్ కొనక్కర్లేదనుకుంటే అవిసె గింజలు ఉన్నాయి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్నమంట మీద కలుపుతూ ఉంటే ఎనిమిది పది నిమిషాల్లో గుడ్డులో తెల్లసొనలా సాగుతుంది, అప్పుడే దించి వేడి మీదనే వడకట్టాలి, చల్లారితే చచ్చినా దిగదు. ఫ్రిజ్‌లో ఒక వారం ఉంటుంది, వాసన మారితే పారబోయండి. వారం రోజులకి పది రూపాయల ఖర్చు కూడా కాదు కానీ గాలికి ఇది పెద్దగా ఆగదు, బండి మీద పోయేవాళ్ళకి కొన్న గట్టి జెల్ మేలు.

ఆరాక జుట్టు అప్పడంలా గట్టిగా అనిపిస్తే భయపడకండి, అది రావాల్సిందే. పూర్తిగా, అంటే కుదుళ్ళ దగ్గర కూడా చల్లదనం లేకుండా ఆరిన తర్వాత రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేతులకి రాసుకుని మెల్లగా నలిపితే గట్టిదనం పోయి రింగులు మెత్తగా మిగులుతాయి. ఆరకముందే నలిపారో అంతే, మొత్తం పొంగుతుంది. ఫ్యాన్ కింద ఫుల్ స్పీడులో కూర్చోవడం కూడా ఇట్లాంటి తప్పే. పొద్దున టైం లేని వాళ్ళు రాత్రి ఎనిమిదికల్లా తలకు పోసుకోండి, పడుకునేలోపు ఆరుతుంది.

ఇంట్లో బాగుంది, బండి దిగేసరికి పాడైంది

గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం గాలి సంగతి చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి రింగులు విడిపోవడం ఒకటి, దుమ్ము పట్టి గరుకవడం ఇంకోటి. మనం ముఖానికి, తలకి కట్టుకునే కాటన్ చున్నీ దుమ్ముని ఆపుతుంది కానీ అదే లోపల రుద్ది రుద్ది పీచు లేపుతుంది.

మ్యాచింగ్ సెంటర్‌కి పోయి శాటిన్ లైనింగ్ గుడ్డ ముప్పావు మీటరు తెచ్చుకోండి, అంచులు కుట్టించండి. జుట్టుని వదులుగా మెడ దగ్గర ఒక గుడ్డ రబ్బరుతో పట్టి, శాటిన్ గుడ్డ చుట్టి, దాని పైన చున్నీ లేదా హెల్మెట్. హెల్మెట్ మాత్రం మానకండి, జుట్టు కోసం మానేదాన్ని కాదు నేను కూడా. దిగాక గుడ్డ తీసి, తల వంచి వేళ్ళతో కుదుళ్ళ దగ్గర మాత్రమే విదిలిస్తే లేస్తుంది. బస్సులో అయితే కిటికీ పక్కన కూర్చునేటప్పుడు కూడా ఆ గుడ్డ తీయను. మా తమ్ముడిది పొట్టి రింగుల జుట్టు, వాడు కూడా హెల్మెట్ లోపల ఇదే గుడ్డ కట్టుకుంటాడు.

మధ్యాహ్నానికి చివర్లు ఎండిపోయి గడ్డిలా అవుతాయి

తలలో ఊరే నూనె సాపు జుట్టులో చివరిదాకా జారుతుంది, రింగుల జుట్టులో ఆ మెలికలు దాటి కిందికి రాలేదు. పైన ఎండ, పొడి గాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు గ్లిజరిన్ సీరం. గ్లిజరిన్ తేమని పట్టి ఉంచుతుంది నిజమే కానీ గాల్లో తేమ ఉంటే కదా పట్టేది, మే నెలలో అదొక్కటే పూసుకుంటే నాకు సాయంత్రానికి ఇంకా బిరుసెక్కేది. జెల్ కింద కొంచెం లీవిన్ క్రీం (కడగకుండా వదిలేసేది) వేయండి, అది లేకపోతే కడిగే కండిషనరే బఠాణీ గింజంత తడి జుట్టు చివర్లకి వదిలేయండి. తలస్నానానికి ముందు గంట సేపు కొబ్బరినూనె పెడితే ఇంకా మంచిది, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుంది, కడిగినప్పుడు లోపలి ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. ఆముదం అట్లా కాదు, జిగట, కడగడానికి రెండుసార్లు షాంపూ వేయాల్సొస్తుంది, దాంతో మళ్ళీ ఎండిపోతుంది.

మధ్యాహ్నం సరిచేయాలంటే చేతులు తడిపి, నీళ్ళు విదిల్చేసి, చెదిరిన పై పొర మీద మాత్రం ఒత్తండి. మొత్తం తడపకండి, దువ్వెన అసలే వద్దు.

సాయంత్రం కుదుళ్ళు అణిగి, నుదుటి మీద చిన్న వెంట్రుకలు లేస్తాయి

చెమట. దానికి పెద్ద వైద్యం లేదు, చల్లటి గుడ్డతో నుదురు, మెడ ఒత్తుకుని జుట్టు పైకి కట్టేయండి. వారానికి రెండుసార్లు తలస్నానం చాలు, రోజూ షాంపూ వేస్తే సమస్య పెరుగుతుంది.

వానాకాలంలో మాత్రమే పొంగితే

సెప్టెంబరు, అక్టోబరు వానలప్పుడు కథ తిరగబడుతుంది. వెంట్రుక గాల్లో తేమని తాగి ఉబ్బుతుంది, రింగు బంధాలు మళ్ళీ వదులవుతాయి. ఆ రెండు నెలలు క్రీం తగ్గించి జెల్ పెంచండి, గ్లిజరిన్ లిస్టులో ముందున్నవి పక్కన పెట్టండి. ఎండాకాలం డబ్బా, వానాకాలం డబ్బా వేరు అని గుర్తుపెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

రాత్రి బాగుంది, లేచేసరికి ఒకవైపు చదును

దిండు కవరు. అదే శాటిన్ గుడ్డ ఇంకో మీటరు తెచ్చి కవరు కుట్టించండి, జుట్టుని నడినెత్తిన వదులుగా ముడేసుకుని పడుకోండి.

పైన రింగులు, చివర్లు సాపుగా వేలాడతాయి

ఇది నీళ్ళూ కాదు, గాలీ కాదు. ఎప్పుడో స్ట్రెయిట్‌నింగ్ చేయించుకుని ఉంటారు, లేదా ఐరన్ ఎక్కువ వాడి ఉంటారు. అట్లా దెబ్బతిన్న భాగం మళ్ళీ రింగు తిరగదు, ఏ క్రీం కొన్నా తిరగదు, ఎవరు తిరుగుతుందని చెప్పినా నమ్మకండి. మా అక్క పెళ్ళికి నేను చేయించుకున్నా, తర్వాత ఏడాదిన్నర పాటు రెండు నెలలకోసారి అంగుళం అంగుళం కత్తిరించుకుంటూ వచ్చా. జుట్టు పెరిగేది నెలకి దాదాపు ఒక సెంటీమీటరు, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. కత్తిరించేటప్పుడు జుట్టు పొడిగా, రింగులుగా ఉన్నప్పుడే కత్తిరించమని అడగండి, తడిపి సాగదీసి కోస్తే ఆరాక రెండంగుళాలు పైకి పోతుంది.

అన్నీ చేసినా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే, తలలో పెచ్చులు, దురద ఉంటే అది ఇక్కడ చెప్పినవాటితో తగ్గేది కాదు, స్కిన్ డాక్టర్‌కి చూపించండి.