బేస్ గిటార్‌కు తీగలు కొనేముందు పాటించవలసిన జాగ్రత్తలు

ముందుగా నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా ఉన్న దూరాన్ని, అంటే స్కేల్ పొడవును, టేపుతో కొలిచి రాసుకోవాలి. చాలా బేస్ గిటార్లకు ఇది 34 అంగుళాలు ఉంటుంది, షార్ట్ స్కేల్ వాటికి 30 అంగుళాల దగ్గర ఉంటుంది. బాడీ వెనక నుంచి తీగ దూర్చే గిటార్‌కు ఇంకా పొడవైన తీగలు కావాలి.

మందం విషయంలో తొందరపడకూడదు. నాలుగు తీగల సెట్లలో ఎక్కువగా దొరికేది 45-105, అంటే అన్నిటికంటే సన్న తీగ 45, అన్నిటికంటే లావు తీగ 105. ఇవి అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలు. ఇప్పుడున్న వాటికంటే బాగా లావైనవి ఎక్కిస్తే బిగువు పెరిగి మెడ ముందుకు వంగుతుంది, నట్ గాడిలో తీగ సరిగా కూర్చోదు. కనుక ట్రస్ రాడ్‌ను (మెడ లోపల ఉండి దాని వంపును అదుపు చేసే లోహపు కడ్డీని) సరిచేయగల మనిషి అందుబాటులో ఉన్నప్పుడే కొలత మార్చడం మేలని నా అభిప్రాయం.

పైన గుండ్రటి తీగ చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ తీగలు పదునుగా మోగుతాయి కానీ ఫ్రెట్లను (మెడ మీది అడ్డ లోహపు మెట్లను) త్వరగా అరగదీస్తాయి. బల్లపరుపు పట్టీ చుట్టిన నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగల నాదం గుండ్రంగా, నిండుగా ఉంటుంది; అమెరికాలోని మోటౌన్ అనే సంగీత సంస్థ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడినవి అవే. ఫ్రెట్లు లేని బేస్‌కు కూడా, చెక్క గీసుకుపోకుండా, వాటినే ఎంచుకోవాలి.

లోపల ఉక్కు పోగు లేని తీగ మాగ్నెటిక్ పికప్ (తీగ కంపనాన్ని అయస్కాంతంతో విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మీద పలకదు.

తీగ చివరను బిరడా దగ్గర లంబకోణంలో వంచిన తరువాతే కత్తిరించాలి. నేను ఒకసారి వంచకుండా కత్తిరించాను. పైచుట్టు వదులై, కొత్త తీగ ఎంత శ్రుతి చేసినా మొద్దుగానే మోగింది.