కిడ్నీ మందు ట్రయల్‌లో చేరమని అడిగితే

షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల మీద కొత్త మందులు పరీక్షించే ట్రయల్స్‌లో నేను కోఆర్డినేటర్‌గా పనిచేశాను. చేరతారా అని అడగ్గానే చాలామంది అనే మాట ఒకటే: "మా మీద ప్రయోగాలా అమ్మా?" అవును, ప్రయోగమే. అందుకే తెలుగు కన్సెంట్ ఫారం (ట్రయల్ వివరాలు రాసి, మీ ఒప్పుకోలు అడిగే కాగితం) ఇంటికి పట్టుకెళ్లి, కొడుకో కోడలో చదివి వినిపిస్తుంటే, అర్థంకాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుని రండి. గీతల్లేని ఫారం తిరిగొస్తే చదవలేదనే నా అనుమానం.

సీటీఆర్ఐ నంబరు, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ జాబితాలో ఈ ట్రయల్ నంబరు, అడగండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారో అడగండి. 2019 రూల్స్ ప్రకారం అది ఉచితంగా చేయించాలి.

ట్రయల్‌లో కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే మందు లేని మాత్ర ఇస్తారు. "నాకు ఉత్తుత్తి మాత్ర పడితే?" అనేది న్యాయమైన భయం. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకిచ్చే ఫినరినోన్ అనే మందును 5,734 మంది మీద పరీక్షించినప్పుడు ఉత్తుత్తి మాత్ర పడ్డవాళ్లు కూడా కిడ్నీలను కాపాడే బీపీ మందు వాడుతూనే ఉన్నారు. 2020లో ఫలితాలొచ్చాయి. కిడ్నీలు బాగా దెబ్బతినడం మందు వేసుకున్నవాళ్లలో 17.8 శాతం, వేసుకోనివాళ్లలో 21.1 శాతం. చూశారుగా, తేడా కొంచెమే. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే వేలమంది, ఏళ్ల సమయం కావాలి. మీ ఒక్కరి లెక్క తప్పినా మాకు నష్టమే.

లెక్క మొదలయ్యేది మూత్రం సీసాతో. అందులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూస్తాం; కిడ్నీలు దెబ్బతింటే అది ఎక్కువగా పోతుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రమే పట్టండి, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉంటే ఫోన్ చేసి ఇంకో రోజు రండి. ముందురోజు పొలంలో ఒళ్లు హూనమయ్యే పని చేసినా ఆల్బుమిన్ ఎక్కువ చూపిస్తుంది.

తెనాలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు ఉన్నట్టుండి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) పెరిగింది. మందు వల్లేనేమోనని మాకందరికీ టెన్షన్. తీరా చూస్తే పది రోజులుగా మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్రలు మింగుతున్నారు. "చెప్పలేదేం బాబాయ్ గారూ?" అంటే, "అది మోకాళ్లది కదమ్మా, కిడ్నీది కాదుగా!" అన్నారు. కాబట్టి ఇంట్లో ఉన్న మాత్రలు, పసరు మందులు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకొచ్చి చూపించండి. కొన్ని మందులు పొటాషియం పెంచుతాయి. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఉంటుంది, రోజూ తాగుతుంటే అదీ చెప్పండి.

మర్చిపోయిన మాత్రలు పూలకుండీలో పడేయకండి. తిడతామని భయపడి అలా చేసినవాళ్లున్నారు. ఖాళీ స్ట్రిప్ చూసి మేం మింగారనే రాసుకుంటాం. మిగిలినవి అలాగే తెచ్చివ్వండి.

మధ్యలో మానేయాలనిపిస్తే మానేయొచ్చు. మామూలు వైద్యం ఆగదు. ఊరికే రావడం ఆపేయకుండా ఒక్క ఫోన్ చేయండి. అన్నట్టు, రక్తం తీసే రోజు పొద్దుటి మాత్ర ముందు వేసుకోవాలా తర్వాతా అన్నది కూడా ముందురోజే అడగండి.