చిన్న ఆసుపత్రిలో చెత్త, కరెంటు, పారేసే మందులు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

ఇది పది, ఇరవై మంచాల నర్సింగ్ హోమ్, లేదా మందుల షాపు పక్కన ఓపీ చూసే క్లినిక్ నడిపేవాళ్ల కోసం. పర్యావరణం అనగానే సోలార్ ప్యానెళ్లే గుర్తొస్తాయి గానీ, ముందు అనవసరంగా వాడేవి ఆపితే పైసా ఖర్చు లేకుండా చాలా సమస్యలు తగ్గుతాయి.

పసుపు సంచి మధ్యాహ్నానికే నిండిపోతోంది

రక్తం, చీము అంటినవాటిలాంటి కాల్చేయాల్సిన చెత్త వేసేది ఈ సంచిలో. అందులోకి పైపైన చూడండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. టీ కప్పులు, ఇడ్లీ పార్సిల్ కవర్లు, మందుల అట్టపెట్టెలు కనబడతాయి. స్టాఫ్‌ని తిట్టేముందు డబ్బా ఎక్కడుందో చూడండి. మంచం పక్కనే పసుపు డబ్బా ఉంటే పేషెంటు తాలూకు వాళ్లు అరటితొక్క అందులోనే పడేస్తారు, వాళ్లకేం తెలుసు? ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది పసుపు సంచిలో పడితే రక్తం అంటిన దూదితోపాటు ఇన్సినరేటర్‌లో (చెత్త కాల్చే కొలిమిలో) కాలాల్సిందే.

పసుపు డబ్బాలు, వాడేసిన ప్లాస్టిక్ బాటిళ్లు, ట్యూబులు వేసే ఎరుపు డబ్బాలు డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గర, ఇంజెక్షన్ రూములో పెట్టి, వార్డులోనూ వరండాలోనూ మున్సిపాలిటీ డబ్బాలు ఉంచండి. ఇక్కడో చిక్కుంది: ఆసుపత్రి చెత్తకు సంబంధించిన 2016 బయోమెడికల్ రూల్స్‌లో నీలం అంటే గాజు, మున్సిపాలిటీ లెక్కలో నీలం అంటే పొడి చెత్త. రంగు ఒక్కటే నమ్ముకుంటే కొత్తగా చేరిన ఆయమ్మ తికమకపడుతుంది, అందుకే ప్రతి డబ్బా మీద బొమ్మ అంటించండి. ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే బండికి మంచాల లెక్కన కడుతుంటే ఆ బిల్లు తగ్గదు, కానీ సంచుల ఖర్చు తగ్గుతుంది.

ఎర్ర సంచి నిండా సెలైన్ బాటిళ్లే

కారణం వైద్యం కన్నా అలవాటే ఎక్కువ. "నీరసంగా ఉంది డాక్టరుగారూ, ఒక బాటిల్ ఎక్కించండి" అంటారు, కాదంటే పక్క వీధికి పోతారని మన భయం. అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, 4.5 గ్రాముల ఉప్పు, అంతే! ఆ కాస్త ఉప్పునీళ్ల కోసం ఐవీ సెట్, క్యాన్యులా, దాని సూది, ప్లాస్టర్, స్పిరిట్ దూది, గ్లవ్స్, వీటన్నిటి ప్యాకింగ్ చెత్తలో పడతాయి.

వాంతులు ఆగకపోయినా, బీపీ పడిపోయినా, డెంగీలో ప్రమాద లక్షణాలున్నా సెలైన్ పెట్టాల్సిందే, అక్కడ ప్లాస్టిక్ లెక్కలు వద్దు. నోటితో తాగగలిగినవాళ్లకు ఓఆర్ఎస్ చాలు. అయితే ఊరికే వద్దంటే వినరు. ఓపీ దగ్గర మూతున్న స్టీలు క్యాన్‌లో లీటరు మంచినీళ్లకు ఒక ప్యాకెట్ చొప్పున కలిపి పెట్టి, సిస్టర్ చేత గ్లాసు ఇప్పించి, "పెద్దమ్మా, బాటిల్‌లో ఉప్పొక్కటే, ఇందులో గ్లూకోజు, పొటాషియం కూడా ఉన్నాయి, కూర్చుని మెల్లగా తాగు" అని చెప్పించండి. చేతికి ఏదో ఒకటి ఇచ్చారన్న తృప్తి ఉంటే చాలామంది సూది అడగరు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మాత్రం డాక్టరు చూశాకే ఇవ్వాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

గ్లవ్స్ సంగతి కూడా చూసుకోండి. బీపీ, టెంపరేచర్ చూడ్డానికి అవి అక్కర్లేదు, చేతులు శుభ్రం చేసుకుంటే చాలు.

డేటు అయిపోయిన మందులు సింకులోకి పోతున్నాయి

స్కీముల్లో ఎక్కువ కొనడం, కొత్త స్టాకు ముందు వరసలో పెట్టడం, మందుల కంపెనీ రెప్‌లిచ్చిన శాంపిళ్లు డ్రాయర్లో మరిచిపోవడం, ఇవీ కారణాలు. యాంటీబయాటిక్ సిరప్ సింకులో పోస్తే డ్రైనేజీలోని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడతాయి. పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడినప్పుడు ప్రపంచమంతా మనవైపు చూసింది. మీ సింకు అంత కాదు, నిజమే, అయినా అందులో పోయకండి.

ముందు డేటు అయిపోయేవే ముందు వాడేలా సర్దండి, మూడు నెలల్లో అయిపోయేవాటికి ఎర్ర చుక్క పెట్టి డిస్ట్రిబ్యూటర్‌ను వాపసు అడగండి. మిగిలినవి విడిగా పసుపు సంచిలో బండికి ఇచ్చేయండి.

కరెంటు బిల్లు చూస్తే టెన్షన్

ఏసీ 18లో ఉందా? 24కి మార్చండి, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌ను సగం లోడుతో తిప్పకండి. వ్యాక్సిన్ ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఓపీ పగలే కాబట్టి సోలార్ పనికొస్తుంది, కాకపోతే వృథా తగ్గించాకే ఎంత కెపాసిటీ కావాలో లెక్కేయించండి.

ఆస్తమా పేషెంట్లందరికీ పంపులే

నోట్లోకి కొట్టుకునే స్ప్రే పంపుల్లో (ఇన్‌హేలర్లలో) వాడే గ్యాసు భూమిని కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. పొడి మందును పీల్చే రోటాక్యాప్‌లో గ్యాసు లేదు. గట్టిగా పీల్చగలిగేవాళ్లకు అది రాయొచ్చు. చిన్నపిల్లలకు, బాగా ఆయాసంలో ఉన్నవాళ్లకు స్పేసర్‌తో (పంపుకు తగిలించే గొట్టంతో) పంపే మంచిది.

బీపీ మిషన్ పగిలి పాదరసం చిందింది

మనుషుల్ని బయటికి పంపి, ఫ్యాన్లు, ఏసీ ఆపి, కిటికీలు తెరవండి. చీపురు, వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే బిందువులు ఇంకా చిన్నవై గదంతా పరుచుకుంటాయి. రెండు అట్టముక్కలతో ఒకచోటికి చేర్చి, సూది లేని సిరంజితో లాగి, కాసిని నీళ్లున్న సీసాలో వేసి గట్టిగా మూతపెట్టండి. పసుపు సంచిలో వెయ్యొద్దు, ఇన్సినరేటర్‌లో ఆవిరై గాల్లో కలుస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకే ఇవ్వాలి. కొత్తగా కొనేది డిజిటల్ మిషనైతే, రీడింగ్ సరిగా వస్తోందో లేదో ఏటా చెక్ చేయించండి.