జర్మనీలో సిమ్, ఇంటి ఇంటర్నెట్: ఏది ముందు, ఏది తర్వాత

జర్మనీలో దిగిన వారంలోనే రెండేళ్ల ఇంటర్నెట్ కాంట్రాక్టుకు ఒప్పుకోకండి. ముందు ప్రీపెయిడ్ సిమ్, తర్వాత చిరునామా నమోదు, బ్యాంకు ఖాతా, ఆఖరున ఇంటి కనెక్షన్.

ప్రీపెయిడ్ సిమ్ సూపర్‌మార్కెట్లోనే దొరుకుతుంది. ఆల్డీ టాక్ ఓ2 నెట్‌వర్క్ మీద, లిడ్ల్ కనెక్ట్ వోడాఫోన్ మీద నడుస్తాయి. 2017 జూలై నుంచి గుర్తింపు తనిఖీ పూర్తయితే గానీ సిమ్ పనిచేయదు. వీడియో కాల్‌లో పాస్‌పోర్టును అటూ ఇటూ వంచి చూపించమంటారు, కాబట్టి మంచి వెలుతురులో కూర్చోండి. భారత పాస్‌పోర్టును వీడియోలో అన్ని కంపెనీలూ తీసుకోవు. అలాంటప్పుడు పోస్ట్‌ఐడెంట్, అంటే పోస్టాఫీసులో చేసే గుర్తింపు తనిఖీ, ఎంచుకుని, దానికిచ్చే కూపన్, పాస్‌పోర్టు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లడమే మేలు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. మన అలవాటు కొద్దీ ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెడితే తనిఖీ అక్కడే ఆగిపోతుంది. ప్యాక్ గడువు చాలావాటికి 28 రోజులే.

ఇండియా సిమ్‌ను వదిలేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయలుదేరేముందే రోమింగ్ చేయించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపి ఉంచండి.

ఇంట్లో చేరిన 2 వారాల్లోపు చిరునామా నమోదు, అంటే ఆన్మెల్డుంగ్, చేయించాలి. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. ఇంటర్నెట్ బిల్లు సాధారణంగా బ్యాంకు ఖాతా నుంచే కోసుకుంటారు, అందుకే దరఖాస్తులో ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా) నంబరు అడుగుతారు.

ఎక్కువ మందికి పని చెడేది టెక్నీషియన్ వచ్చే రోజున. అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ నంబరు చాలాచోట్ల ఉండదు, కాలింగ్ బెల్ పక్కనున్న ఇంటిపేరే గుర్తు. కాంట్రాక్టులో ఉన్న ఇంటిపేరు బెల్ మీదా, పోస్టు డబ్బా మీదా కనిపించకపోతే టెక్నీషియన్ వెనుదిరుగుతాడు, రూటర్ పార్సెల్ కూడా తిరిగి పోతుంది. దరఖాస్తులో ‘2వ అంతస్తు, ఎడమవైపు’ అని ఇంటి స్థానం, వీలైతే పాత అద్దెదారు పేరు రాయండి. ఏ తీగ మీ ఇంటిదో దాంతోనే తేలుతుంది. డీఎస్ఎల్ (టెలిఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) లైను చాలా భవనాల్లో సెల్లార్‌లోని పెట్టె దాకా వస్తుంది. ఆ గదికి తాళం ఉంటే, తాళంచెవి ఉన్న హౌస్‌మైస్టర్‌తో (భవనం చూసుకునే మనిషితో) ముందే మాట్లాడి పెట్టుకోండి. గోడకున్న టీఏఈ సాకెట్‌కు (టెలిఫోన్ సాకెట్‌కు) బీరువా అడ్డం లేకుండా చూడండి.

చెప్పిన రోజున టెక్నీషియన్ రాకపోతే, తప్పు మీది కానప్పుడు, 10 యూరోలు లేదా నెల చందాలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది పరిహారంగా అడగొచ్చు. తేదీ ఖరారు చేసిన మెయిల్ దాచుకోండి.

తొలి కాంట్రాక్టు 24 నెలలకు మించకూడదు, 12 నెలల ప్లాన్ కూడా కంపెనీ చూపించి తీరాలి. కోర్సు ఎక్కడ పూర్తవుతుందో, ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తెలియని విద్యార్థులు అదే అడిగి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో తీసుకున్న దాన్ని 14 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. 2021 డిసెంబరు నుంచి తొలి గడువు దాటాక ఒక నెల నోటీసు చాలు. మధ్యలో ఇల్లు మారి, కొత్తచోట ఆ కంపెనీ సేవ లేకపోయినా అదే నోటీసు. రద్దు కోసం 2022 జూలై నుంచి వెబ్‌సైట్లో ప్రత్యేకంగా బటన్ ఉంటుంది. నొక్కాక వచ్చే ధ్రువీకరణను ఆఖరి బిల్లు తీరేదాకా ఉంచుకోండి.